ఐతె పేరు ఐతెగానే రాయండి

ఆదిలాబాద్, కుమ్రం భీం ఆసిఫాబాద్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లోని గిరిజన ప్రాథమిక పాఠశాలలు, ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులకు, ప్రధానోపాధ్యాయులకు, వార్డెన్లకు, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారులకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరుస్తారు. బడిబాట పేరుతో మీరు గూడేలు తిరుగుతారు. ఒకటో తరగతిలో చేరే పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, వచ్చాక అడ్మిషన్ రిజిస్టర్‌లోకి ఎక్కిస్తారు. ఒక్కో పేరుకు పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషంలో దేవె దేవి అవుతుంది, జోగె జోగి అవుతుంది, ఐతె అనిత అవుతుంది. ఆ తప్పును ఎవరూ కావాలని చేయరు, అది మాకు తెలుసు. కానీ పదేళ్ల తర్వాత దాన్ని దిద్దించడానికి ఆ కుటుంబం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాలో కూడా మాకు తెలుసు. అందుకే ఈ లేఖ.

ముందు పేర్ల సంగతి చెప్తాం. తప్పు ఎక్కడ పుడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే.

కోయ పేర్లలో మగపిల్లాడి పేరు చివర అ, ఆడపిల్ల పేరు చివర పొట్టి ఎ రావడం మామూలు. దేవ అబ్బాయి, దేవె అమ్మాయి. జోగ, జోగె. కోస, కోసె. ఇడమ, ఇడమె. ఛత్తీస్‌గఢ్ వైపు ఇదే పేరును హిడ్మ, హిడ్మె అంటారు, ఇటు తెలుగు వైపు ముందున్న హ జారిపోతుంది. తెలుగులో ఆడపేర్లు అకారంతోనో, ఇకారంతోనో, అమ్మతోనో ముగుస్తాయి గానీ పొట్టి ఎకారంతో ముగియవు. అలవాటు లేని చెవికి ఆ ఎ వినపడదు. వినపడినా ఏదో యాసలే అనుకుని, చెయ్యి దేవి అని రాసేస్తుంది. జోగెను జోగి అని రాస్తే ఇంకా ఘోరం. తెలుగులో జోగి అంటే బిచ్చమెత్తే మగమనిషి. మన లిపిలో ఎత్వం ఉంది, ఏత్వమూ ఉంది. దేవె అని రాయడానికి లిపిలో ఏ అడ్డమూ లేదు.

ఐతె సంగతి వేరుగా చెప్పాలి. వారం పేరుతో పిల్లలకు పేరు పెట్టడం కోయల్లో ఉంది, తండాల్లో లంబాడీలకూ ఉంది. ఐతారం, అంటే ఆదివారం పుట్టినవాడు ఐతు, పుట్టినది ఐతె. తండాలో సోమవారం పుడితే సోమ్లా, సోమ్లి. మంగళవారం పుడితే మంగ్యా, మంగ్లి. ఇప్పుడు తరగతి గదిలో ఏం జరుగుతుందో చూడండి. హాజరు పిలిచేటప్పుడు టీచర్ "కుంజా ఐతే" అని చివర సాగదీస్తారు. వెనక బెంచీలోంచి ఎవడో "ఐతే ఏంటి?" అంటాడు. తరగతంతా నవ్వుతుంది. ఆ పిల్ల మర్నాటినుంచి హాజరు పలకదు, చెయ్యి మాత్రమే ఎత్తుతుంది. నెల తిరిగేసరికి టీచరే జాలిపడి, "నిన్ను అనిత అని పిలుస్తాలేమ్మా" అంటారు. పేరు మారిపోయిన తీరు ఇది. చివరి అక్షరం పొట్టిగా పలికి ఉంటే ఆ నవ్వు పుట్టేదే కాదు.

ఇంటిపేర్లకూ ఈ బాధ ఉంది. కారం, వెట్టి, సోడి అనేవి కోయల ఇంటిపేర్లు. తెలుగు చెవికి కారం అంటే మిరపపొడి, వెట్టి అంటే చాకిరీ. సోడిని ఇంగ్లీషులో రాసి మళ్లీ తెలుగులో చదివితే సోది అవుతుంది. తెలుగు పిల్లలు నవ్వుతారని కొందరు టీచర్లు ఇంటిపేరే పిలవడం మానేస్తారు. అది మందు కాదు. మొదటి వారంలోనే తరగతికి ఒక్క మాట చెప్పండి: "ఐతారం పుట్టింది కాబట్టి ఐతె. మీ ఊళ్లో సోమయ్య, మంగమ్మ, ఐతయ్య లేరా? ఇదీ అలాంటిదే." ఆ పేర్లు పిల్లలకు తెలిసినవే, ఇట్టే అర్థమవుతుంది. ఇంటిపేరు నవ్వులపాలైతే, అది ఆ వంశం పేరనీ, దానితోనే పెళ్లి సంబంధాలు చూసుకుంటారనీ చెప్పండి. ఆ తర్వాత కూడా ఎవరైనా వెక్కిరిస్తే మందలించండి, వదిలేయకండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. టీచరే ఆ పేరును ఎగతాళిగా పలికితే అదీ ఆ సెక్షన్ కిందికే వస్తుంది.

గోండు ఇంటిపేర్ల దగ్గర తప్పు మరో రకంగా జరుగుతుంది. ఆత్రం, మెస్రం, కుమ్రం, సిడాం, పెందూర్, తొడసం, కనక, అర్క, మడావి. గోండుల్లో ఇంటిపేరు చూస్తే ఆ మనిషి ఏ సగకు, అంటే ఏ వంశ విభాగానికి చెందినవాడో తెలుస్తుంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలున్నాయి, ఒకే సగలో పెళ్లి కుదరదు. కేస్లాపూర్ నాగోబా జాతరను నడిపేది మెస్రం వంశస్థులే. అలాంటి ఇంటిపేరును మీరు ఒక్క అక్షరానికి కుదించి ఎ. జంగు అని రాస్తే, అది ఆత్రం జంగునో అర్క జంగునో రిజిస్టర్ చూసినవాడికి తెలియదు. తెలుగు బడుల్లో ఇంటిపేరును పొడి అక్షరంగా రాయడం పాత అలవాటే. గిరిజన బడిలో మాత్రం ఆ అలవాటు మానుకోండి, ఇంటిపేరు మొత్తం రాయండి.

కుమ్రం భీం పేరే చూడండి. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషి. ఆయన పేరు మీద ఏకంగా జిల్లా ఉంది. అయినా బోర్డుల మీదా పత్రికల్లోనూ కొమరం, కొమురం, కుమురం, కుమ్రం అని నాలుగు రకాలుగా కనిపిస్తుంది. తెలంగాణలో కొమురయ్య, కొమురమ్మ అనే పేర్లు ఎక్కువ కాబట్టి చెవి దాన్ని అటు లాగింది. అంత పెద్దాయన పేరుకే ఈ గతి పడితే, ఆరేళ్ల కుమ్రం పిల్లవాడి పేరు గురించి పట్టించుకునేదెవరు?

తెలుగులో సరిగ్గా రాసినా ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మళ్లీ చెడుతుంది. ఇంగ్లీషు డి అక్షరం ద కూ, డ కూ ఒక్కటే. ఎం ఏ డి ఏ వి ఐ అని రాసిన మడావిని తర్వాతి టీచర్ మాధవి అని చదువుతారు. మడావి రాజు అనే అబ్బాయి ముందు ఆడపిల్ల పేరు వచ్చి కూర్చుంటుంది. మడకం మదకం అవుతుంది. హిడ్మ హిద్మ అవుతాడు. చివర ఇంగ్లీషు ఇ (E) అక్షరం రాస్తే అది పొట్టి ఎ నో, దీర్ఘమో, ఇంగ్లీషు పద్ధతిలో అసలు పలకకూడనిదో ఎవరికీ తెలియదు. ఆధార్ నమోదులో ఇంగ్లీషులో కొట్టిన పేరును సాఫ్ట్‌వేర్ తెలుగులోకి మార్చి పక్కన చూపిస్తుంది. ఆపరేటర్ దాన్ని చూసి దిద్దకపోతే దేవె, దేవే గానో దేవి గానో అచ్చవుతుంది. గూడెంలో శిబిరం పెట్టి, సాయంత్రంలోపు వందమందిని ముగించాల్సిన ఆపరేటర్ దాన్ని చూడడు.

తండా పిల్లల పేర్లలో ఇంకో చిక్కుంది. బానోత్, బానోతు. గుగులోత్, గుగులోతు. భూక్య, భూక్యా. అన్న రిజిస్టర్‌లో ఒక రకం, చెల్లెలి రిజిస్టర్‌లో ఇంకో రకం. అడగకుండానే మగపిల్లలకు చివర నాయక్, ఆడపిల్లలకు బాయి తగిలించడం కూడా మామూలైపోయింది. ఇంట్లో ఆ మాట వాడేవాళ్లున్నారు, వాడనివాళ్లూ ఉన్నారు. అడిగి రాయండి.

ఈ తప్పు పిల్లతో పాటు ఎంత దూరం నడుస్తుందో చెప్తాం.

అడ్మిషన్ రిజిస్టర్‌లో పడిన పేరే బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్ పోర్టల్‌లోకి వెళ్తుంది. అక్కడ పిల్లకు పెన్ అనే శాశ్వత విద్యా నంబరు వస్తుంది. విద్యార్థి గుర్తింపు సంఖ్య అయిన అపార్ ఐడీ పుట్టాలంటే ఆ పేరూ ఆధార్ పేరూ కలవాలి. కలవకపోతే తిరగ్గొడుతుంది. ఐదు పూర్తయ్యాక ఆశ్రమ పాఠశాలకు పంపేటప్పుడు టీసీలో రిజిస్టర్ పేరే వస్తుంది. కుల ధ్రువపత్రం మీసేవలో మరో స్పెల్లింగ్‌తో వస్తుంది. పదో తరగతి నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో బడి పంపిన పేరు మెమో మీద అచ్చవుతుంది. ఇంటర్‌లో చేరాక స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేస్తే మెమో, ఆధార్, కుల పత్రం మూడూ చూస్తారు. మూడింట మూడు పేర్లుంటే డబ్బు ఆగుతుంది. గోండుల విషయంలో కుల పత్రం దగ్గరే ఇంకో ముడి పడుతుంది. మెస్రంను మేశ్రాం అని రాస్తే, మహారాష్ట్రలో ఆ ఇంటిపేరు గోండులు కానివాళ్లకూ ఉంది కాబట్టి, విచారణ అంటారు, పంచనామా అంటారు.

అప్పుడు దిద్దించుకోవచ్చు కదా అంటారేమో. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. ఒకసారి తప్పు స్పెల్లింగ్‌తో పోతే ఇంకొక్కటే మిగులుతుంది. మెమోలో పేరు దిద్దాలంటే, బడి రికార్డులో పేరు ముందునుంచీ సరిగ్గానే ఉందనీ, అచ్చులోనే తప్పు పడిందనీ ప్రధానోపాధ్యాయులు రిజిస్టర్ నకలుతో రాసి పంపాలి. రిజిస్టర్‌లోనే తప్పుంటే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. ఇక గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన వేయించుకోవాలి. సొంత పేరును కొత్త పేరుగా ప్రకటించుకోవడం అన్నమాట. చింతూరు అవతల గూడెంలో ఉండే కుటుంబానికి ఇది ఎన్ని కూలి రోజుల ఖర్చో మీరే లెక్క వేయండి.

కాబట్టి చేయాల్సిందంతా మొదటి రోజునే ఉంది. ఒక్కో పిల్లకు పది నిమిషాలు కేటాయించండి. మేము సూచించే వరుస ఇది.

తల్లినో అవ్వనో కూర్చోబెట్టి, ఇంట్లో పిల్లను ఏమని పిలుస్తారో అడగండి. తండ్రిని ఒక్కడినే అడిగితే, బడికి తగిన పేరు చెప్పాలనుకుని చాలాసార్లు తెలుగు చేసిన పేరు చెప్తాడు. పేరు మూడుసార్లు చెప్పించుకుని, పెన్సిల్‌తో తెలుగులో రాసి, మీరు పైకి చదవండి. తల్లి ముఖం చూడండి. తప్పుంటే ఆమె మళ్లీ చెప్తుంది. ముఖ్యంగా చివరి అక్షరం పొట్టో పొడుగో, డ నో ద నో తేల్చుకోండి. మీకు భాష రాకపోతే అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా కార్యకర్తనో, అదే గూడెంలో పదో తరగతి చదివిన పిల్లనో పక్కన పెట్టుకోండి.

తల్లి ఒప్పుకుంటే ఆమె గొంతుతో ఆ పేరును బడి ఫోన్‌లో ఐదారు సెకన్లు రికార్డు చేసుకోండి. ఫైల్‌కు అడ్మిషన్ నంబరే పేరుగా పెట్టండి. మీకు బదిలీ అయినా, వచ్చే టీచర్ ఆ పిల్ల పేరును మొదటి రోజే సరిగ్గా పలుకుతారు. దీనికి ఖర్చేమీ లేదు.

ఆ తర్వాతే ఇంగ్లీషు స్పెల్లింగ్ ఖాయం చేయండి. అన్నో అక్కో ఇదే బడిలోనో పక్క ఆశ్రమంలోనో ఉంటే, వాళ్ల రిజిస్టర్‌లో ఇంటిపేరు ఎలా ఉందో చూసి, సరిగ్గా ఉంటే అదే రాయండి. తప్పుగా ఉంటే ఈ పిల్లకు తప్పును అంటించకండి, ఆ పెద్ద పిల్లకు దిద్దే పని మొదలుపెట్టండి. ఒకటి నుంచి తొమ్మిది వరకు దిద్దడం తేలిక, పదిలో కష్టం. రిజిస్టర్‌లో పేరు గడి పక్కనే తల్లిదండ్రుల సంతకమో వేలిముద్రో తీసుకోండి. పేరు చదివి వినిపించాకే ముద్ర వేయించండి.

ఆధార్‌లో పేరు తప్పుగా ఉంటే ఏం చేయాలన్నది మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న. చాలా బడుల్లో ఆధార్ చూసి రిజిస్టర్ నింపుతారు. పోర్టల్ ఒప్పుకుంటుంది కాబట్టి ఆ రోజు పని సులువుగా అయిపోతుంది, పిల్ల పేరు మాత్రం అక్కడే పోతుంది. ముందు రిజిస్టర్ సరిగ్గా రాయండి. జనన ధ్రువపత్రం తెప్పించండి. దానితో ఆధార్ దిద్దించండి. అపార్‌కు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, అది ఆ వారంలోనే పుట్టి తీరాలన్న నియమమేమీ లేదు. ఆధార్ దిద్దుబాటు అయ్యేదాకా ఆపండి. ధ్రువపత్రం లేదని మాత్రం పిల్లను వెనక్కి పంపకండి. వయసు రుజువు లేదన్న కారణంతో చేర్చుకోకపోవడం కుదరదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెప్తోంది.

ఇంటి దగ్గర కాన్పయిన పిల్లలకు చాలాసార్లు జనన నమోదు ఉండదు, ఉన్నా పేరు గడి ఖాళీగా ఉంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండా నమోదైన బిడ్డకు తర్వాత పేరు ఎక్కించవచ్చు, పదిహేనేళ్ల వరకు ఆ వీలుంది. ఊళ్లో ఆ పని పంచాయతీ కార్యదర్శిది. అసలు నమోదే కాకుండా ఏడాది దాటిపోతే, 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇస్తే నమోదు చేస్తారు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆ పిల్లలు ఒకటో తరగతికి వచ్చేలోపు పంచాయతీ రిజిస్టర్‌లో పేరు సరిగ్గా పడాలి. ఇప్పుడే అంగన్‌వాడీలో మొదలుపెడితే అవుతుంది.

అదే రిజిస్టర్‌లో మాతృభాష అనే గడి ఉంటుంది. గోండి, కోయ, కొలామి, లంబాడీ మాట్లాడే పిల్లలందరికీ వరసగా తెలుగు, తెలుగు అని కింద గీతలు కొట్టుకుంటూ పోవద్దు. 2011 జనగణనలో గోండి మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దాదాపు 30 లక్షలు. మన బడి రిజిస్టర్లలో మాత్రం వాళ్లు కనిపించరు.

ఒకే తరగతిలో ముగ్గురు ఐతెలు, ఇద్దరు జోగలు ఉంటే కష్టమని వార్డెన్లు అంటారు. నిజమే, వారం పేర్లు ఏడే కదా. ఇంటిపేరుతో కలిపి పిలవండి: కుంజా ఐతె, సోడి ఐతె, పొడియం ఐతె. ట్రంకు పెట్టె మీద, కంచం మీద, దుప్పటి మీద కూడా అలాగే రాయించండి. గుర్తు కోసమని ఒకరిని అనిత, ఇంకొకరిని సునీత చేయకండి.

గోండు, కోయ తల్లిదండ్రులే ఇప్పుడు రమ్య, అఖిల, సాయి అని పెట్టుకుంటున్నారు కదా అని కొందరు అడుగుతారు. పెట్టుకోనివ్వండి, అది వాళ్ల ఇష్టం. వాళ్లు రమ్య అంటే రమ్య అనే రాయండి. మేమడిగేది ఒక్కటే, ఆ పేరు మీ నోటినుంచి రాకూడదు. "ఈ పేరు బాగాలేదు, మంచి పేరు పెట్టుకోండి" అని బడి చెప్తే, సర్కారు చెప్పినట్టే వింటారు ఆ తల్లిదండ్రులు. చాలా ఇళ్లలో అది పోయిన తాతదో అవ్వదో పేరు. మీరు బాగాలేదన్నది ఆ పెద్దమనిషి పేరునే.

ఈ పని ఈ నేల మీద ఒకప్పుడు సులువుగానే జరిగింది. 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయి అనే గోండు గూడెంలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. పేరు చెప్పేవారిదీ రాసేవారిదీ ఒకే భాష. 2000లో వచ్చిన జీవో 3 ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇకముందు మైదానం నుంచి వచ్చే టీచర్లు పెరుగుతారు. అందుకే పేర్లు రాసే పద్ధతి కాగితం మీద ఉండాలని అడుగుతున్నాం. వచ్చే టీచర్లకు ఒక్క మాట: నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. గోండు పిల్లలున్న తరగతిలో మొదటి రోజు పేరును తెలుగులోనూ, ఆ లిపిలోనూ పలక మీద రాసి చూపించండి. నేర్చుకోవడానికి వారం పడుతుంది.

ప్రాజెక్టు అధికారులను కోరేది ఇది. బడులు తెరిచేలోపు ఒక సర్క్యులర్ ఇవ్వండి. పేరుకు తల్లిదండ్రులు చెప్పిన తెలుగు రూపమే మూలమనీ, పొడి అక్షరాలు వద్దనీ, పేరు మార్చే అధికారం బడికి లేదనీ అందులో ఉండాలి. మీ ఐటీడీఏ పరిధిలోని గోండు, కోయ, కొలాం, లంబాడీ ఇంటిపేర్లను తెలుగులో, ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగ్‌తో పట్టికగా వేయించి ప్రతి బడికీ, మీసేవకూ, ఆధార్ కేంద్రానికీ పంపండి. రాయి సెంటర్ల (గోండుల సంప్రదాయ పంచాయతీల) పెద్దలను కూర్చోబెడితే గోండు ఇంటిపేర్ల పట్టిక రెండు రోజుల్లో తయారవుతుంది. ఆధార్ శిబిరం పెట్టినప్పుడు ఆపరేటర్ పక్కన భాష తెలిసిన మనిషి ఒకరుండి, అచ్చుకు ముందు తెర మీద తెలుగు పేరు చదవాలి. తొమ్మిదో తరగతి చివర్లో ప్రతి పిల్ల పేరునూ తల్లిదండ్రులకు చదివి వినిపించాకే, మరుసటి ఏడాది నామినల్ రోల్స్ పంపించాలి.

సోమవారం గిరిజన దర్బార్‌కు వచ్చే పేరు దిద్దుబాటు అర్జీలను మిగతా వాటిలో కలపకుండా వేరే రిజిస్టర్‌లో రాయించండి. పిల్ల మొదట చేరిన బడి పేరు, చేరిన సంవత్సరం, రిజిస్టర్‌లో ఏముంది, ఇంట్లో ఏమంటారు అనే నాలుగు గళ్లు చాలు. ఆరు నెలలు తిరిగేసరికి ఏ బడినుంచి ఎక్కువ వస్తున్నాయో తెలుస్తుంది. అక్కడికి ఒక రోజు భాష తెలిసిన టీచర్‌ను పంపి, ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని పేర్లూ తల్లుల ముందు చదివించండి.

ఇట్లు,
ఏజెన్సీ బడుల్లో పేర్లు రాసే పనిలోనూ దిద్దే పనిలోనూ ఉన్నవాళ్లం